గేటు లోపలి పరుగు, గేటు బయటి పరుగు

జైలు, దీర్ఘదూర క్రీడలు అనగానే ముందుగా వినిపించే పేరు జాన్ మెకవాయ్. బ్రిటన్‌లో సాయుధ దోపిడీ కేసులో జీవిత ఖైదు పడినవాడు. లోడమ్ గ్రేంజ్ జైలు జిమ్‌లో రోయింగ్ మెషిన్ (తెడ్డు వేస్తున్నట్టు లాగే వ్యాయామ యంత్రం) ఎక్కి, ఇండోర్ రోయింగ్‌లో ప్రపంచ రికార్డులు తిరగరాశాడు. 2012లో విడుదలయ్యాక ఈత, సైకిల్, పరుగు మూడూ కలిసిన ఐరన్‌మ్యాన్ ట్రయథ్లాన్ పోటీల్లోకి దిగాడు. ఇంతవరకూ అందరూ చెబుతారు. చాలామంది చెప్పకుండా వదిలేసే ముక్క ఏమిటంటే, అంతకుముందు తొలిసారి జైలుకెళ్లినప్పుడు కూడా అతను ఒంటరి గదిలో ఒళ్లు హూనమయ్యేలా కసరత్తు చేసేవాడు. దండీలు, బర్పీలు (నేల మీదికి వంగి లేచి ఎగిరే కసరత్తు), గుంజీలు రోజూ వందల లెక్కన తీసేవాడు. బయటికొచ్చాక ఆ ఒంటితోనే మళ్లీ దోపిడీలకు వెళ్లాడు.

రెండుసార్లూ పట్టిన చెమట ఒకటే. ఫలితం మాత్రం వేరు. రెండోసారి రెండు విషయాలు మారాయి. నెదర్లాండ్స్‌లో ఒక దోపిడీ తర్వాత పారిపోతూ దగ్గరి స్నేహితుడు చనిపోయాడు. జిమ్ అధికారి డారెన్ డేవిస్ ఇతని రోయింగ్ సమయాలు మామూలువి కావని గమనించి, రికార్డుల పట్టిక తెచ్చి ముందు పెట్టాడు. మొదటిది పాత దారి మీద విరక్తి పుట్టించింది. రెండోది కొత్త దారి ఒకటుందని చూపించింది. మెషిన్ మధ్యలో ఒక పనిముట్టు మాత్రమే.

పరుగు గానీ, సైకిల్ గానీ, ఈత గానీ తనంతట తాను మనిషిని మార్చదు. మారాలని అప్పటికే ఎంతోకొంత అనుకున్నవాడికి రోజు గడవడానికి ఒక పద్ధతినీ, తిరగడానికి కొత్త మనుషులనూ ఇస్తుంది. ఈ రెండూ విడుదల రోజు గేటు దాటి బయటికి వస్తాయా రావా అన్నదే అసలు ప్రశ్న. రన్నింగ్ క్లబ్బుల్లో చేరిన ఖైదీలు మళ్లీ నేరాలు తక్కువగా చేస్తారనే లెక్కలు చూసేటప్పుడు కూడా ఇది గుర్తుంచుకోవాలి. పొద్దున్నే లేచి పరిగెత్తడానికి పేరిచ్చేవాడు మిగతావాళ్లకంటే ముందే మార్పు వైపు మొగ్గినవాడు కావచ్చు. ఆ ఘనత మొత్తం పరుగు ఖాతాలో రాసేయడం తొందరపాటు.

లోపల తేలిక, బయట కష్టం

వినడానికి విడ్డూరంగా ఉంటుంది గానీ, ఒక కోణంలో జైలు మంచి శిక్షణ శిబిరం. లేచే వేళ, తినే వేళ, పడుకునే వేళ వేరెవరో నిర్ణయిస్తారు. అద్దె కట్టక్కర్లేదు, ఉద్యోగం వెతుక్కోనక్కర్లేదు, రాత్రిపూట పిలిచే స్నేహితులుండరు. దీర్ఘదూర క్రీడకు కావలసింది కూడా ఇదే: వారాల తరబడి మార్పులేని దినచర్య, నిద్ర, విసుగును ఓర్చుకునే అలవాటు.

కాలిఫోర్నియాలోని శాన్ క్వెంటిన్ జైల్లో 2005 నుంచి థౌజండ్ మైల్ క్లబ్ నడుస్తోంది. ఫ్రాంక్ రువోనా అనే కోచ్ బయటి నుంచి వలంటీరుగా వచ్చి దాన్ని నిలబెట్టాడు. అక్కడ మారథాన్ అంటే జైలు మైదానం చుట్టూ 105 చుట్లు, చుట్టు సుమారు 400 మీటర్లు. కొంత సిమెంటు, కొంత మట్టి, కొంత కంకర. లంబకోణంలో తిరిగే మూలల దగ్గర ప్రతిసారీ వేగం తగ్గించి మళ్లీ అందుకోవాలి. జైల్లో ఎక్కడైనా గొడవై అలారం మోగితే మైదానంలోని ఖైదీలంతా ఉన్నచోటే కింద కూర్చోవాలి, పరిగెత్తేవాళ్లు కూడా. 30 కిలోమీటర్లు దాటాక బిగుసుకున్న కాళ్లతో నేల మీద కూర్చుని, మళ్లీ లేచి అదే వేగం అందుకోవడం ఎలా ఉంటుందో మారథాన్ పరిగెత్తినవాళ్లు ఊహించుకోగలరు. ఆ క్లబ్‌లో తయారైన మార్కెల్ టేలర్ 2019 మార్చిలో విడుదలై, ఏప్రిల్‌లో బోస్టన్ మారథాన్‌ను 3 గంటల 3 నిమిషాల్లో పూర్తి చేశాడు.

క్లబ్, మైదానం ఉన్న జైళ్లు తక్కువ. చాలామందికి దొరికేది ఒక గది, రోజుకో గంట ఆరుబయలు. గదిలో పరిగెత్తాలంటే లెక్క ఇది: గోడ నుంచి గోడకు 4 మీటర్లనుకుంటే కిలోమీటరుకు 250 సార్లు అటూ ఇటూ తిరగాలి. 250 మలుపులూ ఒకే వైపు తిరిగితే కొన్ని వారాల్లో ఒక చీలమండో, మోకాలి బయటి వైపో నొప్పి పట్టవచ్చు. ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు తిరగాలి. మైదానంలోనూ అంతే, పది నిమిషాలకోసారి చుట్టే దిశ మార్చుకోవాలి. గదిలో పరుగు కంటే మెట్టు ఎక్కి దిగడమే మేలు. 20 సెంటీమీటర్ల ఎత్తున్న, కదలని మెట్టు మీద నిమిషానికి 20 సార్లు చొప్పున అరగంట చేస్తే 600 సార్లు, అంటే 120 మీటర్ల ఎత్తు ఎక్కినట్టు. ముందుగా ఎక్కే కాలు ప్రతి నిమిషానికీ మార్చాలి. గాలి ఆడని గదిలో ఒంటి వేడి త్వరగా పెరుగుతుంది. తల తిరిగినా, చెమట పట్టడం ఆగినా అక్కడితో ఆపేయాలి.

రోయింగ్ మెషిన్ ఉంటే అదృష్టమే, కీళ్ల మీద దెబ్బ పడదు. కొత్తవాళ్లంతా చేసే తప్పు ఒకటుంది: పక్కనున్న, గాలి నిరోధం మార్చే లివరును 10 మీద పెట్టి బలం చూపించడం. అది బరువులెత్తడం లాంటిదవుతుంది, వారం తిరక్కుండానే నడుం పట్టేస్తుంది. 3 నుంచి 5 మధ్య పెట్టి, నిమిషానికి 18 నుంచి 22 లాగులతో, ముందు కాళ్లతో తోసి, తర్వాత నడుం వెనక్కి వాల్చి, చివర చేతులు లాగాలి. తిరిగి వచ్చేటప్పుడు ఇదే వరుస తలకిందులు. మెషిన్ మీద రికార్డులు కొట్టినంత మాత్రాన నీళ్లలో పడవ నడపడం రాదు. మెకవాయ్ కూడా బయటికొచ్చాక నీటి రోయింగ్ ప్రయత్నించి, ఆ నైపుణ్యం పట్టుబడటానికి వయసు మించిందని తెలిశాక ట్రయథ్లాన్‌కు మళ్లాడు.

లోపల ఉన్నప్పుడు పరుగుకు నిజమైన హద్దు తిండి. పరుగులో కిలో బరువుకు, కిలోమీటరుకు దాదాపు 1 కేలరీ ఖర్చవుతుంది. 70 కిలోల మనిషి 10 కిలోమీటర్లు పరిగెత్తితే 700 కేలరీలు అదనంగా కావాలి. పెట్టే భోజనం కొలత మారదు. వారానికి 40 కిలోమీటర్లు దాటాక బరువు తగ్గుతూ, నిద్ర చెడుతూ, చిన్న జలుబు కూడా వారాల తరబడి వదలకపోతే అది పట్టుదల లోపం కాదు, తిండి చాలడం లేదని. దూరం తగ్గించడమే మందు.

మొదటి పద్నాలుగు రోజులు

2007లో వాషింగ్టన్ రాష్ట్రపు జైళ్ల నుంచి విడుదలైనవాళ్ల మీద వచ్చిన వైద్య అధ్యయనంలో ఒక అంకె ఉంది. విడుదలైన తొలి 2 వారాల్లో వాళ్ల మరణ ప్రమాదం సాధారణ జనంతో పోలిస్తే 12.7 రెట్లు. అన్నిటికన్నా పెద్ద కారణం మాదకద్రవ్యాల మోతాదు మించడం. లోపల ఉన్నంతకాలం వాడక ఒంటికి తట్టుకునే శక్తి పోతుంది, బయటికొచ్చి పాత మోతాదే వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది.

క్రీడతో దీనికేం సంబంధం అంటే, ఆ రెండు వారాల్లోనే శిక్షణ తాడు కూడా తెగుతుంది. లోపల రోజూ గంట పరిగెత్తినవాడు బయటికొచ్చిన మూడోరోజుకే మానేస్తాడు. బద్ధకం వల్ల కాదు. పొద్దున్నే ఎవరూ లేపరు. పర్యవేక్షణ అధికారి దగ్గర హాజరు, గుర్తింపు కార్డు, బ్యాంకు ఖాతా, నిద్రకో చోటు, రోజంతా వరుసల్లో నిలబడటమే సరిపోతుంది. ఇన్నేళ్లు గోడల మధ్య ఉన్న కళ్లకు ట్రాఫిక్, జనసమ్మర్దం భరించలేనంతగా ఉంటాయి.

కాబట్టి తొలి 14 రోజులు శిక్షణ పెంచే కాలం కాదు, వేళ కాపాడుకునే కాలం. లోపల ఏ గంటకు పరిగెత్తేవాడో అదే గంటకు, 20 నుంచి 30 నిమిషాలు, సులువుగా. ఆ రోజు నడక మాత్రమే కుదిరితే నడకే. గడియారం తప్పకపోవడం ముఖ్యం, దూరం కాదు. ఆఫీసుల పనులు మొదలవకముందే ఇది అయిపోవాలి. సాయంత్రానికి వాయిదా వేసిన పరుగు సాధారణంగా జరగదు.

మ్యాపు మీద దారి ముందే గీసుకోవాలి. ఈ పని చిన్నదనిపిస్తుంది గానీ ప్రణాళిక మొత్తంలో దీనికున్నంత విలువ మరోదానికి లేదు. పాత ముఠా కూర్చునే మూల, సరుకు దొరికే సందు, ఎవరో ఒకరు "ఏరా, ఎప్పుడొచ్చావ్" అని పలకరించే కూడలి, ఇవి దారిలో ఉండకూడదు. అలాంటి దారి ఇంటి నుంచి లేకపోతే బస్సెక్కి వేరే పేటకు వెళ్లి పరిగెత్తాలి. బాధితుల ఇంటి పరిసరాలకు వెళ్లకూడదన్న షరతు ఉంటే, 15 కిలోమీటర్ల సుదీర్ఘ పరుగు తెలియకుండానే ఆ గీత దాటవచ్చు. ఆ హద్దు మ్యాపులో ఎర్రగా గుర్తుపెట్టుకోవడం నయం.

లోపలికీ బయటికీ మధ్య అతుకు పడే ఈ చోటును బాగా అర్థం చేసుకున్న ఏర్పాటు పార్క్‌రన్ అనే సామూహిక పరుగు. వారానికోసారి, ఉచితంగా, 5 కిలోమీటర్లు. ఇంగ్లండ్‌లోని హావెరిగ్ జైల్లో 2017 నవంబరులో జైలు లోపలి తొలి పార్క్‌రన్ మొదలైంది. అందులో బయటివాళ్లకు ప్రవేశం ఉండదు. కానీ లోపల నమోదైనప్పుడు ఇచ్చే బార్‌కోడే విడుదల తర్వాత బయట ఏ పార్క్‌రన్‌లోనైనా పనిచేస్తుంది, లోపల పరిగెత్తినవీ అదే ఖాతా లెక్కలోకి వస్తాయి. గేటు దాటినా చెల్లే కాగితం ఖైదీ చేతిలో ఇంకేముంటుంది?

కండ ముందు పరిగెత్తుతుంది, ఎముక వెనకబడుతుంది

జైలు నుంచి వచ్చిన పరుగువీరుడికి గాయాల బెడద ఉంటుంది. గుండె, ఊపిరితిత్తులు కొన్ని వారాల్లో పుంజుకుంటాయి. స్నాయువులు, ఎముకలు గట్టిపడటానికి నెలలు పడుతుంది. ఆయాసం రావడం లేదు కదా అని ఆరో వారంలో దూరం రెట్టింపు చేస్తే పిక్క ఎముక ముందు భాగం నొప్పితో మొదలై పగులు దాకా పోతుంది. వేలితో నొక్కితే ఒకేచోట సూదిగా నొప్పి ఉండి, రాత్రి పడుకున్నా సలుపుతుంటే పరుగు ఆపి ఎముకల డాక్టర్ని చూడాలి. దీనికి తోడు, చదునైన మైదానంలో ఏళ్ల తరబడి తిరిగిన కాళ్లకు దిగుడు అలవాటుండదు. దిగుడు దారిలో తొడ కండరం సాగుతూ బ్రేకు వేయాలి. మొదటి కొండ దారి తర్వాత మూడు రోజులు మెట్లు దిగలేకపోవడం అందుకే.

పూర్తిగా కొత్తవాడైతే మొదటి రెండు వారాలు వారానికి 4 లేదా 5 రోజులు అరగంట నడక. తర్వాత 1 నిమిషం పరుగు, 2 నిమిషాల నడక, పదిసార్లు, వారానికి మూడు రోజులు. పరుగు నిమిషాలు కొద్దికొద్దిగా పెంచుతూ, నడక తగ్గిస్తూ పోతే మూడు, నాలుగు నెలలకు ఆగకుండా అరగంట పరిగెత్తవచ్చు. ప్రతి నాలుగో వారం దూరం మూడో వంతు తగ్గించాలి. సున్నా నుంచి మారథాన్‌కు ఏడాది నుంచి ఏడాదిన్నర పెట్టుకోవడం మంచిది. ఆరు నెలల్లో పూర్తి చేయించే ప్రణాళికలు లేకపోలేదు, అవి వేరే జీవితాల కోసం రాసినవి.

పక్కవాడితో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగేంత నెమ్మదిగా పరిగెత్తడం, వారంలో ఐదింట నాలుగు వంతులు అలాగే ఉండటం. ఈ క్రీడలో అందరికీ కష్టమైన పాఠమే, జైలు నుంచి వచ్చినవాడికి మరీ కష్టం. లోపల నొప్పి కనబడనిస్తే బలహీనత. రోజూ తాడోపేడో తేల్చేయాలన్న పద్ధతి అక్కడ ప్రాణాలు కాపాడింది. ఇక్కడ అదే మోకాళ్లు తినేస్తుంది. ఇవాళ చేయగలిగింది చేయకుండా ఆగడం, మూడు నెలల తర్వాతి ఫలితం కోసం ఈ రోజు బోరును భరించడం... నేరం వైపు వెళ్లిన మనిషికి దీర్ఘదూర క్రీడ నుంచి దొరికేది ఏదైనా ఉందంటే అది ఇదే. ఫినిష్ లైన్ ఫొటోలో ఇది కనిపించదు.

మొదలుపెట్టేముందు డాక్టరుకు చెప్పాల్సినవి కొన్ని ఉన్నాయి, సిగ్గుపడి దాచకూడదు. కొకెయిన్, మెత్ (మెథాంఫెటమిన్) వాడిన చరిత్ర ఉంటే ఈసీజీ తప్పనిసరి, అవి గుండెను దెబ్బతీస్తాయి. హెరాయిన్ లాంటి మత్తు మాన్పించడానికి ఇచ్చే మెథడోన్ తీసుకునేవాళ్లకూ ఈసీజీ కావాలి, గుండె లయ మారే అవకాశం ఉంది. పాత టీబీ ఉంటే ఊపిరితిత్తుల పరీక్ష. కొన్ని మానసిక వ్యాధి మందులు చెమట పట్టడాన్ని తగ్గిస్తాయి, ఎండలో పరుగు ప్రమాదం. లిథియం అనే మానసిక వ్యాధి మందు వాడేవాళ్లు నీరసించేలా చెమటోడ్చినా, మోకాలి నొప్పికని ఐబుప్రొఫెన్ వేసుకున్నా రక్తంలో మందు విషస్థాయికి పెరగవచ్చు. ఈ చివరిది చాలామంది కోచ్‌లకే తెలియదు.

షరతుల కాగితం చదవకుండా పేరివ్వొద్దు

షరతులతో విడుదలైన మనిషి పోటీకి పేరిచ్చేముందు విడుదల పత్రం ఒకసారి గీత గీసుకుంటూ చదవాలి. చాలాచోట్ల శిక్ష పడిన ఇతరులతో కలవకూడదన్న నిబంధన ఉంటుంది. మాజీ ఖైదీల కోసమే పెట్టిన రన్నింగ్ గ్రూపులో చేరడం కూడా దాని కింద ఉల్లంఘనే కావచ్చు. మినహాయింపు నోటిమాటగా కాదు, రాతపూర్వకంగా తీసుకోవాలి. వేరే జిల్లా, వేరే రాష్ట్రం పోటీకి ముందస్తు అనుమతి కావాలి, దానికి వారాలు పడుతుంది. రాత్రి కర్ఫ్యూ ఉంటే తెల్లవారుజామున మొదలయ్యే పోటీకి ఇంట్లోంచి కదలడమే కుదరదు.

కాలికి ఎలక్ట్రానిక్ ట్యాగ్ (మనిషి ఎక్కడున్నాడో అధికారులకు తెలిపే పట్టీ) ఉంటే అది వేరే బాధ. గంట దాటిన పరుగులో చీలమండ కొంచెం ఉబ్బుతుంది, పట్టీ కింద తోలు ఒరుసుకుని పుండు పడుతుంది. గుడ్డ దూర్చడం, పట్టీ వదులు చేయడం ట్యాంపరింగ్‌గా నమోదయ్యే ప్రమాదం ఉంది. బిగించేటప్పుడే "నేను పరిగెత్తుతాను" అని చెప్పి, సాక్సు అంచు ఎక్కడికి రావాలో అడగాలి. జీపీఎస్ ట్యాగ్‌కు రోజూ ఛార్జింగ్ కావాలి. సుదీర్ఘ పరుగు మధ్యలో బ్యాటరీ అయిపోతే అధికారులకు అలర్ట్ వెళ్లి, షరతు మీరినట్టే కావచ్చు. ఈతకు ముందు ఆ ట్యాగు నీటిలో ఎంత లోతు వరకు పనికొస్తుందో రాసి తీసుకోవాలి.

క్లబ్‌లో ఎంత చెప్పాలి? కోచ్‌కు ఒక్కడికి, తొలి వారంలో, వివరాలు లేకుండా: "శిక్ష పూర్తయింది, ఈ షరతులున్నాయి, ఈ వేళల్లో రాలేను." అది చాలు. పిల్లలున్న బృందమైతే, షరతుల్లో దానికి సంబంధించినది ఏదైనా ఉంటే, ముందే చెప్పి తీరాలి, ఆ బృందం వదులుకోవాల్సి వచ్చినా సరే. కోచ్ వైపు నుంచి చేయాల్సింది కూడా పెద్దగా లేదు: రాసిచ్చిన షెడ్యూలు, రెండుసార్లు రాకపోతే ఒక ఫోను. డబ్బు అప్పివ్వడం, ఇంట్లో చోటివ్వడం వద్దు. ఉద్ధరించడానికి దిగిన కోచ్‌లు ఏడాది తిరక్కుండా అలిసిపోయి తప్పుకుంటారు, ఆ తప్పుకోవడం విడుదలై వచ్చినవాడికి పాత గాయమే మళ్లీ తగిలినట్టవుతుంది.

అధికారులు దేనికి భయపడతారో కూడా చెప్పుకోవాలి. 2018లో ప్రొఫెసర్ రోజీ మీక్ ఇంగ్లండ్, వేల్స్ జైళ్లలో క్రీడల మీద సమీక్ష ఇచ్చినప్పుడు ప్రభుత్వం చాలా సిఫార్సులు ఒప్పుకుని, బాక్సింగ్, యుద్ధకళలను మాత్రం పక్కన పెట్టింది. పరుగును చూసి ఎవరూ జంకరు. అనుమతుల కాగితాల మీద దీనికున్న పెద్ద బలం ఇదే.

పరుగే మత్తయినప్పుడు

పాత మత్తు వదిలినవాడికి పరుగు కొత్త మత్తు కావడం అరుదేం కాదు. ఇది మంచి మత్తే కదా అని చుట్టూ ఉన్నవాళ్లు మెచ్చుకుంటారు, ఇబ్బంది అక్కడే. పొద్దున లేవగానే కొలిచే నాడి మామూలు కంటే నిమిషానికి 5 నుంచి 10 సార్లు ఎక్కువగా నాలుగైదు రోజులు వరుసగా ఉంటే, పరుగు కోసం ఉద్యోగానికో అధికారి హాజరుకో ఎగనామం పెడుతుంటే, గాయమైనా దాచి పరిగెత్తుతుంటే విషయం చేయి దాటుతోంది.

ఇంతకన్నా ప్రమాదమైన రోజులు రెండు. ఒకటి, గాయంతో ఆరు వారాలు కూర్చోవాల్సి వచ్చినప్పుడు. రెండోది, పెద్ద పోటీ ముగిసిన మర్నాడు. ఏడాదిగా ప్రతి పొద్దునకూ అర్థం ఇచ్చిన తేదీ దాటిపోయింది, మెడల్ మేకుకు వేలాడుతోంది, ఫోన్‌లో పాత నంబర్లు ఉండనే ఉన్నాయి. పోటీకి పేరిచ్చిన రోజే, పోటీ తర్వాతి ఆదివారం ఏం చేయాలో క్యాలెండర్లో రాసిపెట్టుకోవాలి. అది ఇంకో పోటీ కానక్కర్లేదు. ఎవరిదో 5 కిలోమీటర్ల పరుగులో సమయం నమోదు చేసే బల్ల దగ్గర కూర్చోవడం చాలు. గాయపడ్డ ఆరు వారాలకూ పనికొచ్చేది ఆ బల్లే. కాలు కదపలేకపోయినా ఆ మనుషుల మధ్యే ఉంటాడు, స్టాప్‌వాచ్ చేతిలో ఉంటుంది, పొద్దున్నే లేవడానికి కారణం పోదు.

విజయం వస్తే ఇంకో చిక్కు. విలేకరులు, వేదికలు, స్పాన్సర్లు అడిగేది పరుగు కథ కాదు, నేరం కథ. ఆ నేరానికి అవతలి వైపు ఒక మనిషో కుటుంబమో ఉంటుంది, వాళ్లకు మెడల్ ఎవరూ వేయలేదు. చెప్పాల్సి వస్తే తన తప్పును తన వైపు నుంచి చెప్పి, బాధితులను గుర్తుపట్టే వివరమేదీ రానివ్వకూడదు. వాళ్లను సంప్రదించరాదన్న షరతు ఉన్నప్పుడు, పేపర్లో పడే క్షమాపణ కూడా దాన్ని మీరినట్టే కావచ్చు. ఇంటర్వ్యూకు ముందు పర్యవేక్షణ అధికారికో లాయరుకో ఒక మాట చెప్పాలి. ఇక ఈ క్రీడతోనే బతుకుతెరువు దొరికినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినంత మంది. వారపు దూరం ఉద్యోగపు షిఫ్టుకు తగ్గట్టు వేసుకోవాలి గానీ, షిఫ్టును దూరానికి తగ్గట్టు కాదు. రాత్రి డ్యూటీ నుంచి వచ్చిన పొద్దున 20 కిలోమీటర్లు రాసి ఉంటే, కొట్టేయాల్సింది ఆ 20నే.